ఎడిటర్‌లో కుదురుగా ఉన్న స్క్రీన్ ఫోన్‌లో చెదిరిపోతా ఉంది: రొయ్యల గుంటల రికార్డు యాప్‌కి లేఅవుట్ ఎట్ట కట్టాలి?

అల్లూరు_గుంట అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నెల్లూరు జిల్లాలో అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల రైతులు రోజువారీ లెక్కలు రాసుకోవడానికి ఆండ్రాయిడ్ యాప్ ఒకటి తయారవుతా ఉంది. తెరలు ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్ళలో రాసినవి, ఒకదానికొకటి కట్టి అమర్చే కన్‌స్ట్రెయింట్ లేఅవుట్‌తో. టార్గెట్ ఎస్‌డీకే 35, అంటే ఆండ్రాయిడ్ 15 కోసం కట్టింది.

ముఖ్యమైన స్క్రీన్ ఇది. పైన గుంట నంబరు, తేదీ. దాని కింద డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, సెలినిటీ (ఉప్పదనం), నీటి ఉష్ణోగ్రత అని నాలుగు వరసలు, ఎడమ పక్క పేరు, కుడి పక్క అంకె రాసే గడి. తర్వాత ఆ పూట వేసిన మేత కిలోల్లో. ఆ కింద చెక్ ట్రేలో (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడడానికి గుంటలో దించే ట్రే) మేత ఎంత మిగిలిందో చెప్పే మూడు బటన్లు పక్కపక్కన. అడుగున సేవ్ బటన్.

ఎడిటర్‌లో అంతా కుదురుగా కనపడతా ఉంది. ఫోన్‌లో మాత్రం ఇట్టా జరగతా ఉంది:

మేత గడి, దాని పేరు రెండూ పై ఎడమ మూలకి పోయి గుంట నంబరు మీద పడతా ఉన్నాయి. కీబోర్డు తెరిస్తే సేవ్ బటన్ దాని వెనక దాక్కుంటుంది. కీబోర్డు లేనప్పుడు కూడా ఆండ్రాయిడ్ 15 ఫోన్లలో సేవ్ బటన్ అడుగు భాగం నావిగేషన్ గీత కిందికి పోతా ఉంది. "ఉష్ణోగ్రత" అనే మాటలో కింది వత్తులు తెగిపోతా ఉన్నాయి. చెక్ ట్రే బటన్లలో మాటలు చిన్న ఫోన్లలో మూడేసి వరసలుగా విరుగుతా ఉన్నాయి.

ఒక్కో ఫోన్‌కి ఒక్కో కొలత రాసుకుంటా పోవాలా, లేక మొత్తం వేరే పద్ధతిలో కట్టాలా?

గుండ్లకమ్మ_42 జవాబు

ఫోన్‌కొక కొలత రాయొద్దు తమ్ముడూ. ఏ వ్యూ (తెర మీది ఒక్కో పేరు, గడి, బటన్) ఎక్కడ కూర్చోవాలో కాకుండా దేన్ని పట్టుకుని ఉండాలో, చోటు తగ్గితే ఎవరు సర్దుకోవాలో రాయి. మిగతాది లేఅవుట్ లెక్కేసుకుంటుంది.

మూలకి పోయే జబ్బు ముందు చూద్దాం. ఎక్స్‌ఎమ్‌ఎల్ తెరిచి మేత గడి దగ్గర చూస్తే "లేఅవుట్_ఎడిటర్_అబ్సొల్యూట్ఎక్స్", "అబ్సొల్యూట్‌వై" అని రెండు వరసలు ఉంటాయి, వాటి ముందు "టూల్స్" అని ఉంటుంది. మౌస్‌తో లాగి వదిలితే ఎడిటర్ రాసుకునే గుర్తులవి. టూల్స్ అని మొదలయ్యేవన్నీ ఎడిటర్‌కే పనికొస్తాయి, ఫోన్‌లోకి పోవు. ఫోన్‌లో ఆ వ్యూకి ఏ ఆధారమూ (కన్‌స్ట్రెయింట్, అంటే దేనికి కట్టి ఉండాలో చెప్పే ముడి) లేదు కాబట్టి సున్నా, సున్నా దగ్గర కూర్చుంటుంది. ప్రతి వ్యూకి అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, తక్కువలో తక్కువ రెండు ఆధారాలు ఉండాలి. నిలువు ఆధారం మాత్రమే తప్పితే వ్యూ పై అంచుకి పోతుంది, అడ్డం తప్పితే ఎడమ అంచుకి పోతుంది. ఎటు పోయిందో చూస్తే ఏది తప్పిందో తెలిసిపోతుంది. కోడ్‌లో తప్పులు వెతికే లింట్ దీన్ని "మిస్సింగ్ కన్‌స్ట్రెయింట్స్" అని ఎర్రగా చూపిస్తానే ఉంటుంది, దాన్ని అణచివేయొద్దు.

మంత్రదండం బొమ్మ ఉన్న "ఇన్ఫర్ కన్‌స్ట్రెయింట్స్" నొక్కితే ఎరుపు పోతుంది కానీ అది 113 డీపీ, 57 డీపీ (డీపీ అంటే తెర సాంద్రతని బట్టి సర్దుకునే కొలత) లాంటి మార్జిన్లు, అంటే బయటి సందులు తోస్తుంది. వ్యూ అప్పుడు ఎక్కడ ఉందో అక్కడే మేకు కొట్టినట్టు. వేరే వెడల్పు ఉన్న ఫోన్‌లో మళ్ళీ చెదురుతుంది. చేత్తోనే రాయండి.

ఇక అస్థిపంజరం. తెరని మూడు ముక్కలుగా చూడాలి. పై పట్టీ, అంటే గుంట నంబరు, తేదీ: పైభాగం పేరెంట్ (అన్నింటినీ పట్టుకున్న బయటి పెట్టె) పైభాగానికి. సేవ్ బటన్: అడుగు పేరెంట్ అడుగుకి. మధ్యలో నెస్టెడ్ స్క్రోల్ వ్యూ (పైకీ కిందికీ జరిగే భాగం): పైభాగం పట్టీ అడుగుకి, అడుగు సేవ్ పైభాగానికి, ఎత్తు 0 డీపీ. కన్‌స్ట్రెయింట్ లేఅవుట్‌లో 0 డీపీ అంటే రెండు ఆధారాల మధ్య మిగిలిన చోటంతా తీసుకోమని. అక్కడ "వ్రాప్ కంటెంట్" (లోపలి సరుకు ఎంతుంటే అంత) పెడితే లోపలి సరుకు ఎక్కువైనప్పుడు స్క్రోల్ వ్యూ రెండు వైపులా సమానంగా పొంగి, పట్టీ మీదికీ సేవ్ బటన్ మీదికీ పోతుంది, అడుగు వరస ఎంత జరిపినా చేతికి రాదు. "పైన పట్టీని కప్పేస్తా ఉంది" అని అడిగే వాళ్ళలో చాలామందికి కారణం ఇదే. "మ్యాచ్ పేరెంట్" (పేరెంట్ ఎంతుంటే అంత) కూడా ఈ లేఅవుట్ లోపల వాడొద్దు, ఆధారాల్ని లెక్కచెయ్యదు.

నాలుగు వరసలకి పేర్లు వేరువేరు పొడవులు కదా. గడులన్నీ ఒకే నిలువు గీత మీద మొదలవ్వాలంటే బ్యారియర్ అనే కనపడని గీత వాడాలి. దిక్కు "ఎండ్" (చదివే వరసలో చివరి పక్క, తెలుగులో కుడి), నాలుగు పేర్ల ఐడీలూ ఇచ్చి, గడుల "స్టార్ట్" ఆ బ్యారియర్ "ఎండ్"కి కట్టి 16 డీపీ మార్జిన్ ఇస్తే, అన్నింటికంటే పొడుగు పేరు ఎక్కడ ఆగితే గడులన్నీ అక్కడి నుంచి మొదలవుతాయి. రేపు ఇంగ్లిషులో చూపించినా తెలుగులో చూపించినా అదే సర్దుకుంటుంది. తెర వెడల్పులో ఇంత శాతం దగ్గర అని పెట్టే గైడ్‌లైన్ కంటే ఇక్కడ ఇదే మేలు. ఒక్క జాగ్రత్త: పేరు మరీ పొడుగైతే గడిని తెర బయటికి నెట్టేస్తుంది. అందుకని పేర్లకి "విడ్త్ మ్యాక్స్" 140 డీపీ పెట్టండి, దాటితే రెండో వరసకి విరుగుతుంది. గడి వెడల్పు 0 డీపీ, "ఎండ్" పేరెంట్‌కి.

ఎడమ, కుడి అని రాయకుండా ఎప్పుడూ స్టార్ట్, ఎండ్ అనే రాయండి. నెల్లూరులో ఉర్దూ చదివే వాళ్ళు తక్కువేం కాదు, కుడి నుంచి ఎడమకి చదివే ఉర్దూ జోడించిన రోజు స్క్రీన్ మొత్తం దానంతట అదే తిరగబడుతుంది.

ఇంకొకటి. ఉష్ణోగ్రత వరస కొందరికి అక్కర్లేదని "గాన్" చేస్తే (తెర మీద నుంచి తీసేస్తే) ఆ వ్యూ చుక్కంత అయిపోయి దాని మార్జిన్ కూడా సున్నా అవుతుంది, కింది వరస పై వరసకి అతుక్కుంటుంది. కింది వరసకి "గాన్ మార్జిన్ టాప్" ఇస్తే ఆ సందు నిలబడుతుంది.

పెన్నా_గట్టు జవాబు

కీబోర్డు, నావిగేషన్ గీత రెండూ ఒకే జబ్బు. టార్గెట్ 35 అయితే ఆండ్రాయిడ్ 15 ఫోన్లలో యాప్ అంచు నుంచి అంచు దాకా గీయబడుతుంది, అడగాల్సిన పని లేదు. స్టేటస్ బార్ కింద, నావిగేషన్ గీత కింద కూడా మీ తెరే. కాబట్టి "పేరెంట్ అడుగు" అంటే ఇప్పుడు గాజు అడుగు. ఆ సందు మీరే ఇవ్వాలి.

స్క్రీన్ మొదలయ్యే ఆన్‌క్రియేట్‌లో, లేఅవుట్‌ని ఎక్కించే సెట్‌కంటెంట్‌వ్యూ కంటే ముందు "ఎనేబుల్ ఎడ్జ్ టు ఎడ్జ్" పిలవండి. పాత ఫోన్లూ కొత్త ఫోన్లూ ఒకే తీరుగా నడుస్తాయి, రెండు రకాలుగా పరీక్షించే పని తప్పుతుంది. తర్వాత అన్నింటికంటే బయటిదైన రూట్ వ్యూకి వ్యూకంపాట్‌లో ఉన్న అప్లై విండో ఇన్‌సెట్స్ లిజనర్ (ఏ పక్క ఎంత చోటు కప్పబడిందో, అంటే ఇన్‌సెట్ ఎంతో చెప్పేది) తగిలించి, సిస్టమ్ బార్స్, డిస్‌ప్లే కటౌట్ (కెమెరా గాటు), ఐఎమ్‌ఈ (కీబోర్డు) మూడు రకాల్నీ "ఆర్"తో కలిపి ఒకేసారి అడగండి. వచ్చిన నాలుగు అంకెల్నీ నాలుగు పక్కలా ప్యాడింగ్‌గా, అంటే లోపలి సందుగా పెట్టండి.

ఇక్కడ రెండు తప్పులు అందరి కోడ్‌లోనూ కనపడతాయి. మొదటిది, నావిగేషన్ బార్ ఎత్తూ కీబోర్డు ఎత్తూ విడివిడిగా అడిగి కూడటం. కీబోర్డు ఎత్తుని విండో అడుగు నుంచే కొలుస్తారు, అందులో నావిగేషన్ బార్ కలిసే ఉంది. కూడితే కీబోర్డుకీ బటన్‌కీ మధ్య ఊరికే సందు వస్తుంది. కలిపి అడిగితే ఒక్కో పక్క పెద్ద అంకే వస్తుంది, అది చాలు. రెండోది, లిజనర్ లోపల "ఇప్పుడున్న ప్యాడింగ్ కూడిక ఇన్‌సెట్" అని రాయడం. లిజనర్ కీబోర్డు తెరిచినప్పుడూ మూసినప్పుడూ నడుస్తుంది, ప్రతిసారీ ప్యాడింగ్ పేరుకుపోయి తెర పైకి పాకుతా పోతుంది. మొదటి ప్యాడింగ్‌ని బయటే ఒక వేరియబుల్‌లో దాచి, దానికి మాత్రమే కూడాలి.

యాప్ వివరాలుండే మ్యానిఫెస్ట్ ఫైల్లో ఆ యాక్టివిటీకి (స్క్రీన్‌కి) "అడ్జస్ట్ రీసైజ్" ఉంచండి, ఆండ్రాయిడ్ 11 కంటే పాత వాటిలో అది లేకపోతే కీబోర్డు కొలత యాప్‌కి సరిగా అందదు. "అడ్జస్ట్ ప్యాన్" వద్దు, తెర మొత్తాన్నీ పైకి తోసి గుంట నంబరుని మాయం చేస్తుంది. ఏ గుంటకి రాస్తున్నామో కనపడకపోతే రైతు 3వ గుంట డీవోని 4వ గుంటకి రాసే ప్రమాదం ఉంది.

గుండ్లకమ్మ గారు చెప్పిన 0 డీపీ స్క్రోల్ ఉంటే, రూట్ కింద ప్యాడింగ్ పెరగగానే సేవ్ కీబోర్డు నెత్తిన కూర్చుంటుంది, మధ్య భాగం కుదించుకుంటుంది. గడులకి ఇన్‌పుట్ రకం "నంబర్ డెసిమల్", ఐఎమ్‌ఈ ఆప్షన్ "యాక్షన్ నెక్స్ట్", చివరి మేత గడికి "యాక్షన్ డన్". అప్పుడు వేలు కీబోర్డు వదలకుండానే ఐదు అంకెలూ పడతాయి.

ఎడ్జ్ టు ఎడ్జ్ నుంచి తప్పుకునే థీమ్ గుర్తు ఒకటి ఉంది, కానీ టార్గెట్ 36కి పోతే ఆండ్రాయిడ్ 16లో అది పనిచెయ్యదు. ఈ రోజే సరి చేసుకోవడం మంచిది.

ఉదయగిరి_వత్తు జవాబు

వత్తులు తెగడం గురించి చెప్తాను, దీన్ని చాలామంది ఫాంట్ మీదికి తోసేస్తారు.

డిజైన్ ఫైల్లో డిజైనర్ ఇంగ్లిషు మాట పెట్టి దాని చుట్టూ 20 ఎత్తు పెట్టె గీస్తాడు. దాన్ని చూసి మాట చూపించే టెక్స్ట్ వ్యూకి 20 డీపీ ఎత్తు రాస్తారు. ఇంగ్లిషు అందులో సరిపోతుంది. "ఉష్ణోగ్రత"లో ష కింద ణ వత్తు ఉంది, గ కింద ర వత్తు ఉంది, పైన ఓత్వం ఉంది. పైకీ కిందికీ రెండు వైపులా చోటు కావాలి. టెక్స్ట్ వ్యూ ఎత్తు ఎప్పుడూ "వ్రాప్ కంటెంట్" ఉండాలి, వరస కనీస ఎత్తు కావాలంటే "మిన్ హైట్" 48 డీపీ ఇవ్వండి. వరసల ఎత్తు కూడా ఎస్‌పీలోనే (ఫోన్‌లో పెట్టుకున్న ఫాంట్ సైజుతో పెరిగే కొలత). 16 ఎస్‌పీ తెలుగుకి 26 నుంచి 28 ఎస్‌పీ దాకా వరస ఎత్తు ఇస్తే రెండు వరసలుగా విరిగినప్పుడు పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడవు.

"ఇంక్లూడ్ ఫాంట్ ప్యాడింగ్ ఫాల్స్" అని ఎక్కడైనా ఉందేమో వెతకండి. అక్షరం పైనా కిందా ఉన్న ఖాళీని కోసెయ్యడానికి వాడతారు. తెలుగులో ఆ ఖాళీలోనే వత్తులు, గుడులు ఉంటాయి.

ఆండ్రాయిడ్ 15లో ఇంకో మార్పు ఉంది. టార్గెట్ 35 యాప్‌లకి "ఎలిగెంట్ టెక్స్ట్ హైట్" దానంతట అదే ఆన్ అవుతుంది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం లాంటి లిపులకి ఇరుకు కొలతలు వదిలేసి అసలు ఎత్తు ఇస్తుంది. చదవడానికి చాలా బాగుంటుంది. కానీ అదే స్క్రీన్ ఆండ్రాయిడ్ 13లో ఒక ఎత్తు, 15లో ఇంకో ఎత్తు. పాత ఫోన్‌లో సరిపోయిన 20 డీపీ పెట్టె కొత్త ఫోన్‌లో తెగడానికి ఇదీ ఒక కారణం. పాత వాటిలోనూ అదే ఎత్తు కావాలంటే స్టైల్‌లో దాన్ని "ట్రూ" అని మీరే రాయండి, ఎత్తులు కలుస్తాయి.

పేరునీ గడినీ ఒకే వరసలో పెట్టేటప్పుడు మధ్యకి మధ్య కట్టకండి. ఎడమ తెలుగు, కుడి అంకె. రెండింటి పైకొలత, కిందికొలత వేరు కాబట్టి మధ్యలు కలిసినా అంకె ఒక పిసరు పైకి ఎక్కినట్టు కనపడుతుంది. "బేస్‌లైన్ టు బేస్‌లైన్ ఆఫ్" (అక్షరాలు కూర్చునే గీతకి గీత) అని పేరుని గడికి కట్టండి. పేరు రెండు వరసలకి విరిగినా మొదటి వరస గీతే లెక్క. ఒకటి గుర్తుపెట్టుకోండి, బేస్‌లైన్ కట్టిన వ్యూకి మళ్ళీ పైనా కిందా ఆధారం ఇవ్వకూడదు. పేరు విరిగితే అది గడి కంటే కిందికి దిగుతుంది కాబట్టి, కింది వరసని గడికి కాకుండా పేరు, గడి రెండింటి అడుగునా పెట్టిన ఇంకో బ్యారియర్‌కి కట్టండి, దిక్కు "బాటమ్".

బటన్ల స్టైల్‌లో అక్షరాల మధ్య ఖాళీ ఉంటే 0 చెయ్యండి. అది ఇంగ్లిషు పెద్దబడి అక్షరాల కోసం పెట్టింది, తెలుగు మాటని ముక్కలు చేస్తుంది.

అల్లూరు_గుంట

గుండ్లకమ్మ అన్నా, ఎడిటర్ గుర్తులు ఉన్నాయి, అవే. ఆధారాలు కట్టగానే మేత గడి తన చోటికి వచ్చింది. ఉదయగిరి అక్కా, 20 డీపీ ఎత్తు, ఫాంట్ ప్యాడింగ్ ఫాల్స్ రెండూ ఉన్నాయి. తీసేశాక వత్తులు పూర్తిగా కనపడతా ఉన్నాయి.

ఇంకా మిగిలింది చెక్ ట్రే బటన్లు. "ఏమీ మిగల్లేదు", "కొంచెం మిగిలింది", "చాలా మిగిలింది" అని ఉన్నాయి. 12 ఎస్‌పీకి తగ్గిస్తే సరిపోతాయి కానీ ఎండలో చదవలేరు. అట్నే, రికార్డు తీసేసే డిలీట్ బటన్‌ని సేవ్ పక్కన పెట్టమని అడుగుతున్నారు. గుంటల జాబితా స్క్రీన్‌లో గుండ్రటి ప్లస్ బటన్ చివరి గుంట మీద పడతా ఉంది, దాన్ని ఏం చెయ్యాలి?

కొత్తపట్నం_తెర జవాబు

బటన్ల సంగతి లెక్కతో చూడండి. 720 పిక్సెళ్ళ వెడల్పు, 320 డీపీఐ (అంగుళానికి చుక్కలు) ఫోన్ అంటే 360 డీపీ వెడల్పు. అదే ఫోన్‌లో పెద్దవాళ్ళు డిస్‌ప్లే సైజు పెంచుకుని డీపీఐ 360 అయిందంటే 720ని 160తో గుణించి 360తో భాగిస్తే 320 డీపీ. రెండు పక్కలా 16 చొప్పున తీసేస్తే 288. మధ్యలో 8 చొప్పున రెండు సందులు పోతే 272. మూడు బటన్లకి తలా 90. బటన్ లోపలి ప్యాడింగ్ పక్కకి 16 ఉంటే మాటకి మిగిలేది 58 డీపీ. "కొంచెం మిగిలింది" అందులో 14 ఎస్‌పీకి కూడా పట్టదు. కాబట్టి అక్షరం తగ్గించడం దారి కాదు.

మూడింటిలోనూ ఉన్న మాటని బయటికి తీసి పైన శీర్షికగా పెట్టండి: "ట్రేలో మిగిలిన మేత". బటన్లలో "ఖాళీ", "కొంచెం", "చాలా". లోపలి ప్యాడింగ్ 8కి తగ్గిస్తే 74 డీపీ వస్తుంది, 16 ఎస్‌పీకి సరిపోతుంది. అయినా ఫాంట్ పెద్దది పెట్టుకునే వాళ్ళ కోసం మూడింటినీ చెయిన్‌గా (ఒకే వరసలో గొలుసులా) కాకుండా ఫ్లో అనే సహాయక వ్యూతో కట్టి, వ్రాప్ మోడ్ "చెయిన్" ఇవ్వండి. బటన్ల వెడల్పు "వ్రాప్ కంటెంట్", కనీస వెడల్పు 88 డీపీ. పట్టకపోతే మూడోది కింది వరసకి దిగుతుంది, మాట విరగదు. ఆండ్రాయిడ్ 14 నుంచి ఫాంట్ 200 శాతం దాకా పెరుగుతుంది, కాబట్టి ఇది ఎప్పుడో వచ్చే అవసరం కాదు.

డిలీట్‌ని సేవ్ పక్కన పెట్టొద్దు, ఎవరు అడిగినా సరే. వేలికి కనీస చోటు 48 డీపీ, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. అది పొడి వేలికి, నిలబడి చూసే వాడికి. గుంట గట్టు మీద మనిషి ఒక చేత్తో ట్రే తాడు పట్టుకుని ఉంటాడు, ఇంకో చేతి వేలు తడి. తడి వేలికి తాకిన చోటు ఒకటి, తెర అనుకునే చోటు ఇంకొకటి. ఈ యాప్‌లో నొక్కేవన్నీ 56 డీపీ ఎత్తు, మధ్య సందు 8 కాకుండా 12 పెట్టండి. సేవ్ తెర వెడల్పంతా ఉండనీండి, ఏ చేతి బొటనవేలికైనా అందుతుంది. డిలీట్ పైన కుడి మూల మూడు చుక్కల మెనూలోకి పోవాలి. నొక్కగానే తీసేసి, కింద కాసేపు కనపడి పోయే చిన్న పట్టీ, స్నాక్‌బార్‌లో "వెనక్కి తెచ్చుకో" అని చూపించండి. స్నాక్‌బార్ సేవ్ మీద పడకుండా "సెట్ యాంకర్ వ్యూ"కి సేవ్ బటన్ ఇవ్వండి.

మేత కిలోలకి జరిపే స్లైడర్ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. జెస్చర్ నావిగేషన్ ఫోన్లలో తెర పక్క అంచు నుంచి లాగితే వెనక్కి పోతుంది, అంచు దాకా ఉన్న స్లైడర్ పట్టుకోబోతే స్క్రీన్ మూసుకుంటుంది. ఆ చోటుని మినహాయించమని సిస్టమ్‌ని అడగొచ్చు కానీ ఒక్కో అంచుకి నిలువునా 200 డీపీ వరకే వింటుంది. గడికి రెండు పక్కలా మైనస్, ప్లస్ బటన్లు దీనికంటే నయం.

సింగరాయకొండ_డార్ట్ జవాబు

ఇదే స్క్రీన్‌ని ఫ్లట్టర్‌లో (డార్ట్ భాషతో యాప్‌లు కట్టే ఇంకో పద్ధతి) కట్టే వాళ్ళు ఈ చర్చలోకి వస్తే వాళ్ళ కోసం: అక్కడ హద్దులు పై నుంచి కిందికి దిగుతాయి, కొలతలు కింది నుంచి పైకి వస్తాయి, చోటు మాత్రం పేరెంట్ నిర్ణయిస్తుంది. రో లోపల పేరుని ఎక్స్‌పాండెడ్‌లో పెట్టకపోతే పసుపు నలుపు చారలు వస్తాయి. స్టాక్, పొజిషన్డ్‌తో ఫారాలు కట్టకండి, అవి ఒకదాని మీద ఒకటి పడే వాటికే. కాలమ్‌లో మధ్య భాగం ఎక్స్‌పాండెడ్, దాని లోపల సింగిల్ చైల్డ్ స్క్రోల్ వ్యూ, దాని కింద సేవ్, మొత్తం సేఫ్ ఏరియాలో. స్కాఫోల్డ్ కీబోర్డుకి తనే కుదించుకుంటుంది, దాన్ని ఆపెయ్యొద్దు.

గుండ్లకమ్మ_42 జవాబు

ప్లస్ బటన్ సంగతి: బటన్‌ని జరపొద్దు, జాబితాకి అడుగున చోటివ్వు. బటన్ 56, దాని కింద మార్జిన్ 16, పైన ఊపిరాడే సందు 16, మొత్తం 88 డీపీ. జాబితాని చూపించే రీసైక్లర్ వ్యూకి కింది ప్యాడింగ్ 88, దాంతోపాటు "క్లిప్ టు ప్యాడింగ్ ఫాల్స్". ఆ రెండోది మరిచిపోతే అడుగున 88 డీపీ తెల్ల పట్టీ ఎప్పుడూ కనపడతా ఉంటుంది. అది పెడితే వరసలు ప్యాడింగ్ కింద నుంచి జారుతాయి, చివరి గుంట మాత్రం బటన్ పైకి వచ్చి ఆగుతుంది. ఈ స్క్రీన్‌లో ఇన్‌సెట్‌ని రూట్‌కి పెట్టకుండా విడదీస్తే ఇంకా బాగుంటుంది: జాబితాకి 88 కూడిక నావిగేషన్ ఇన్‌సెట్ ప్యాడింగ్‌గా, ప్లస్ బటన్‌కి 16 కూడిక ఇన్‌సెట్ మార్జిన్‌గా. అప్పుడు జాబితా గాజు అడుగు దాకా పారుతుంది.

పరీక్షించడానికి పది ఫోన్లు అక్కర్లేదు. బిల్డ్ నంబరు మీద ఏడు సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. అందులో "స్మాలెస్ట్ విడ్త్" 320 పెట్టి చూడు, తర్వాత 360, 411, చివర 600. ఫాంట్ సైజు చివరిదాకా లాగి మళ్ళీ 320లో చూడు. "షో లేఅవుట్ బౌండ్స్" ఆన్ చేస్తే ప్రతి వ్యూ పెట్టె, మార్జిన్ గీతలతో కనపడతాయి, ఏది ఎవరి మీద పడుతుందో అప్పుడే తేలుతుంది. కేబుల్ పెట్టుకుంటే కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు పంపే ఏడీబీ షెల్‌లో "డబ్ల్యూఎమ్ డెన్సిటీ 360" అని కొట్టినా 720 పిక్సెళ్ళ ఫోన్‌లో 320 పెట్టినట్టే, అయిపోయాక "డబ్ల్యూఎమ్ డెన్సిటీ రీసెట్" మరిచిపోవద్దు. 320 వెడల్పు, పెద్ద ఫాంట్, కీబోర్డు తెరిచి, తెలుగులో: ఈ నాలుగూ కలిసినప్పుడు సేవ్ కనపడి, రాస్తున్న గడి కూడా కనపడితే ఆ స్క్రీన్‌ని రైతుల చేతికి ఇవ్వొచ్చు. గడి కనపడకపోతే ముందు పై పట్టీ ఎత్తు చూడు. గుంట నంబరు, తేదీ రెండు వరసల్లో ఉంటే ఒక్క వరసకి తెచ్చి, తేదీని చిన్నగా "ఎండ్" వైపు పెట్టు.